క్రిస్మస్ విందులు – సెలవు తీసుకోని జబ్బులు



యాడికిలో డిసెంబరు నెల వచ్చిందంటే ఇళ్ళ ముందు నక్షత్రాలు వెలుగుతాయి. మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి. ఒకరోజు మన సంఘంలో, మరోరోజు రాయలచెరువులో, ఇంకోరోజు వేములపాడులో, నగరూరులో. ప్రతి చోటా కేకు, ప్రతి చోటా భోజనం. తరువాత క్యారల్స్. అర్ధరాత్రి దాటేవరకు ఇల్లిల్లూ తిరగడం, ప్రతి ఇంట్లో టీ, కారాలు, తీపి. 24 రాత్రి ఆరాధన, 25 మధ్యాహ్నం ప్రేమవిందు. బెంగళూరులో కూలి పనులకు వెళ్ళిన పిల్లలు, మనవళ్ళు ఇంటికి వస్తారు కాబట్టి ఆ వారమంతా ఇంట్లో పొయ్యి ఆరదు. 31న వాచ్‌నైట్, జనవరి 1న మళ్ళీ విందు. ఇరుగుపొరుగువారి సంక్రాంతి వచ్చేసరికి వాళ్ళ అత్తిరాసాలు, ఓళిగలు మన ఇంటికి వస్తాయి. లెక్క వేసి చూడండి, క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. దాదాపు నెలన్నర.

మన ప్రాంతంలో ఈ పండుగ ఇంత సంతోషంగా ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా మనది. అది కూడా అన్ని సంవత్సరాలూ పడదు. బుడ్డలు ఇంటికి చేరి చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఈ నెలలోనే. పంట పోయిన సంవత్సరమైతే వలస వెళ్ళినవాళ్ళు ఇంటి ముఖం చూసేది ఈ నెలలోనే. అలాంటి పండుగ పూట ఒక నర్సు వచ్చి "అది తినొద్దు, ఇది ముట్టొద్దు" అంటే ఎవరికి నచ్చుతుంది? నాకూ నచ్చదు. అందుకే తినవద్దని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు.

నిజానికి పండుగ భోజనం ఒక్కటే మనం భయపడినంత చెడ్డది కాదు. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళ బరువును పండుగల ముందు, తరువాత తూచి చూసిన పరిశోధన ఒకటి 2000వ సంవత్సరంలో వెలువడింది. నవంబరు నడుమ నుండి జనవరి మొదటి వారాల వరకు వాళ్ళు పెరిగిన బరువు సగటున అర కిలో కూడా లేదు. అయితే ఆ పెరిగిన కొంచెం బరువు తరువాతి నెలల్లో తగ్గలేదు. ఏటా కొంచెం చేరుతూ పోతుంది. అది కూడా చూసుకోవలసిన విషయమే. కాని మా ఆసుపత్రికి డిసెంబరు చివరి వారంలో అర్ధరాత్రి మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు ఒక ఓళిగ ఎక్కువ తిన్నందువల్ల రావడం లేదు. ఎక్కువమంది రోజూ వేసుకునే మాత్రలు మానేసినందువల్ల, లేదా వేసుకోకూడని విధంగా వేసుకున్నందువల్ల వస్తున్నారు. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

మాత్రలకు సెలవు

బి.పి., షుగరు ఉన్నవాళ్ళు పండుగ రోజుల్లో మాత్రలు ఎందుకు మానేస్తారని నేను చాలామందిని అడిగాను. జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి.

"ఎట్లాగూ తీపి తింటాండాము కదా సిస్టరమ్మా, ఈపొద్దు మాత్ర ఏసుకొని ఏం లాభం?" ఇది మొదటి జవాబు. తీపి తిన్నరోజే మాత్ర అవసరం ఎక్కువ. గొడుగు వాన పడనిరోజు పట్టుకొని, వాన పడేరోజు ఇంట్లో పెట్టి పోతామా? దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. తీపి ఎక్కువ తిన్నామని ఒక మాత్రకు బదులు రెండు వేసుకోవడం. అది ఇంకా ప్రమాదం. ఎందుకో కింద చెబుతాను.

రెండవది, మాత్రలు అయిపోవడం. కూతురి ఊరికి వెళ్ళారు, పట్టీ ఇంట్లో మరిచిపోయారు. లేదా 24వ తేదీకి పట్టీ అయిపోయింది, 25న మందుల అంగడి మూసి ఉంది, 26న గుర్తు లేదు. చూస్తుండగానే వారం గడిచిపోతుంది. బి.పి. మాత్రల్లో కొన్ని ఉన్నట్టుండి ఆపితే, ముందున్న బి.పి. కంటే పైకి ఎగబాకుతుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్ అనే పేర్లు మీ పట్టీ మీద ఉంటే ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. వాటిని డాక్టరు చెబితే మెల్లగా తగ్గించుకుంటూ మానాలే గాని మన అంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు.

మూడవది ఉపవాసం. క్రిస్మస్‌కు ముందు ఉపవాస ప్రార్థనలు జరుగుతాయి. కొందరు పెద్దవాళ్ళు ఉదయాన పరగడుపున షుగరు మాత్ర వేసుకొని, సాయంత్రం దాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటారు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు మీరు తిన్నా తినకపోయినా తమ పని తాము చేస్తాయి. కడుపులో అన్నం లేకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరను కూడా దించేస్తాయి. ఇన్సులిన్ కూడా అంతే. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. మాత్రను ఏ పూటకు మార్చాలో, ఎంత తగ్గించాలో వాళ్ళు చెబుతారు. పాస్టరుగారితో కూడా చెప్పుకోండి. నాకు తెలిసిన పాస్టర్లలో ఎవరూ షుగరు జబ్బు ఉన్న అవ్వను పస్తు పెట్టాలని కోరుకోరు.

నాలుగవ జవాబు మగవాళ్ళది. "మందు తాగినపొద్దు మాత్ర ఏసుకోగూడదంట." అందువల్ల మాత్ర మానేస్తారు, మందు మానరు. సంఘంలో కూర్చొని చదివే పుస్తకంలో ఈ మాట ఏమిటి అనుకోకండి. పండుగ దినాల్లో మన ఇళ్ళలో కూడా సీసాలు తెరుచుకుంటున్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాచిపెట్టి మాట్లాడితే నష్టపోయేది ఇంట్లోవాళ్ళే.

నేను పొరబడిన రాత్రి

కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబరు 26వ తేదీ తెల్లవారుజామున యాభై దాటిన ఒక పెద్దాయనను ఆటోలో తీసుకొచ్చారు. నోటి నుండి సారా వాసన గుప్పుమంటోంది. ఒళ్ళంతా చెమట. పిలిస్తే మూలుగుతున్నాడే గాని కళ్ళు తెరవడం లేదు. "బాగా తాగినాడు సిస్టరమ్మా, రాత్రి పండుకున్నోడు పండుకున్నట్టే ఉండాడు" అన్నాడు కొడుకు. ఆ రాత్రి అప్పటికే ఇద్దరు తాగి పడిపోయినవాళ్ళను చూసి ఉన్నాను. ఇతను మూడోవాడు అనుకున్నాను. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తెల్లవారితే తేరుకుంటాడులే అని వేరే పనికి తిరిగాను.

వెనకాల నిలబడిన కోడలు మెల్లగా అంది. "మామకు షుగరు ఉంది మేడమ్. రాత్రి మాత్ర ఏసుకున్నాడు. అన్నం తిన్లేదు."

వేలి నుండి చుక్క రక్తం తీసి గ్లూకోమీటరులో పెడితే 34 చూపించింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. వెంటనే డాక్టరును పిలిచి నరానికి గ్లూకోజు ఇచ్చాం. పది నిమిషాల్లో పెద్దాయన కళ్ళు తెరిచి కోడలి పేరు పిలిచాడు. ఆ రోజంతా, ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచి గంట గంటకూ చూశాం. ఎందుకంటే ఆ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది, చక్కెర మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. ఆయన బతికారు. ఆ పిల్ల నోరు తెరవకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. మెదడుకు చక్కెరే ఆహారం. గంటల తరబడి అది అందకపోతే మనిషి బతికినా మునుపటి మనిషి కాడు.

అప్పటి నుండి నా చేతికి వచ్చిన ప్రతి "తాగినవాడి"కి ముందు షుగరు చూస్తాను, తరువాతే మిగిలిన మాటలు.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోండి. మనం తిననప్పుడు మన కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి విడుస్తుంది, అది అయిపోతే కొత్తగా తయారు చేస్తుంది. సారా తాగినప్పుడు కాలేయం ఆ తయారీ పనిని ఆపేస్తుంది. దానికి తోడు షుగరు మాత్ర చక్కెరను కిందికి లాగుతుంది. కడుపులో తిండి ఉండదు. మూడూ కలిసి మనిషిని పడగొడతాయి. ఆ లక్షణాలు అచ్చం తాగినవాడి లక్షణాల్లాగే ఉంటాయి. మాట తడబడటం, తూలడం, విసుక్కోవడం, పిచ్చిచూపు, చివరకు మత్తు. కాస్త జాగ్రత్తగా చూస్తే తేడా తెలుస్తుంది. ఒళ్ళు చల్లగా చెమటలు పట్టి ఉంటుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మొదట్లో విపరీతమైన ఆకలి ఉంటుంది. తేడా తెలియకపోయినా ఫరవాలేదు. షుగరు మాత్ర వేసుకునే మనిషి అలా ప్రవర్తిస్తుంటే ముందు చక్కెర తగ్గిందనే అనుకోండి.

స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. పండ్ల రసమైనా, మామూలు కూల్‌డ్రింకైనా మంచిదే. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో రొట్టెనో తినిపించండి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది. తేరుకున్నా సరే, ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. ముఖం మీద నీళ్ళు కొట్టడం, మజ్జిగ పోయడం, నిమ్మకాయ పిండడం, ఇవన్నీ చేస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

"గ్యాస్" అనే మాట

పండుగ రాత్రి మమ్మల్ని మోసం చేసే ఇంకో మాట ఇది. మాంసం కూర, బిర్యానీ బాగా తిన్నారు. రాత్రి పది, పదకొండు గంటలకు ఛాతీలో పట్టేసినట్టయింది. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగారు, వాము నమిలారు, వీపు రుద్దించుకున్నారు. పండుగ పూట అందరి నిద్రా ఎందుకు చెడగొట్టాలి అని తెల్లవారేదాకా ఓర్చుకున్నారు. తెల్లవారాక ఈ.సి.జి. తీస్తే గుండెపోటు.

స్వీడన్ దేశంలో 1998 నుండి 2013 వరకు వచ్చిన 2,80,000కు పైగా గుండెపోట్లను గంటలతో సహా లెక్కగట్టి 2018లో ప్రచురించారు. క్రిస్మస్ రోజుల్లో గుండెపోట్లు మామూలు కంటే 15 శాతం ఎక్కువ. డిసెంబరు 24న అయితే 37 శాతం ఎక్కువ, అందులోనూ రాత్రి 10 గంటల ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ. 75 సంవత్సరాలు దాటినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, ఇంతకుముందు గుండె జబ్బు వచ్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బతిన్నారు. అది మంచు దేశం కదా, చలి వల్ల అయి ఉంటుంది అంటారేమో. న్యూజిలాండులో క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది. అక్కడి మరణాల లెక్కలు చూసి 2016లో ప్రచురించిన పరిశోధనలో కూడా క్రిస్మస్ రోజుల్లో గుండె జబ్బు మరణాలు ఎక్కువగానే కనిపించాయి. అంటే చలి ఒక్కటే కారణం కాదు. ఎక్కువ తిండి, నిద్ర లేకపోవడం, మనసులో ఒత్తిడి, మాత్రలు మరవడం, వీటన్నిటితో పాటు "పండుగ అయ్యాక చూపించుకుందాం" అనే వాయిదా కూడా కారణం కావచ్చునని పరిశోధకులు అనుకుంటున్నారు. ఆ చివరి మాట మాత్రం మన ఊరి మాటే.

మన దగ్గర చలి కూడా తక్కువేమీ కాదు. ఎండలకు అలవాటుపడిన మన ఒంటికి డిసెంబరు రాత్రి 17, 18 డిగ్రీలంటే చలే. చలికి రక్తనాళాలు ముడుచుకొని బి.పి. పెరుగుతుంది. క్యారల్స్‌కు వెళ్ళే పెద్దవాళ్ళు తలకు మఫ్లరు, ఒంటికి స్వెట్టరు లేకుండా బయలుదేరవద్దు. తాడిపత్రి వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో, గనుల్లో దుమ్ములో పనిచేసి ఊపిరి సరిగ్గా ఆడనివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలరు జేబులో పెట్టుకొని వెళ్ళండి. గొంతెత్తి పాడటం, చల్లగాలి, టపాసుల పొగ మూడూ ఒకేసారి తగులుతాయి. పాట మధ్యలో ఆయాసం వస్తే ఆగి కూర్చోండి. మిగిలినవాళ్ళు పాడతారు.

ఇంకో సంగతి. ఒకేసారి ఎక్కువగా తాగినందువల్ల ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గుండె కూడా లయ తప్పి కొట్టుకోవచ్చు. సెలవుల తరువాత ఇలాంటి రోగులు వరుసగా వస్తున్నారని గమనించి 1978లో అమెరికా డాక్టర్లు దీనికి "హాలిడే హార్ట్" అని పేరు పెట్టారు. గుండె దడ ఆగకుండా ఉంటే హ్యాంగోవరు అనుకొని పడుకోవద్దు.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు నొప్పి పది నిమిషాలకు మించి ఉండటం, ఎడమ చేతికి గాని దవడకు గాని వీపుకు గాని పాకడం, చల్లటి చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, ఇవి గ్యాస్ కాదు. ఆడవాళ్ళలోను, షుగరు ఉన్నవాళ్ళలోను నొప్పే లేకుండా కేవలం ఆయాసం, నీరసం, చెమటతో కూడా గుండెపోటు వస్తుంది. గుండె నాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది మొదటి గంటల్లో పడితేనే గుండె కండరం నిలుస్తుంది. యాడికి నుండి తాడిపత్రికో గుత్తికో వెళ్ళడానికి పట్టే సమయం ఎలాగూ తప్పదు, దానికి సోడా తాగిన మూడు గంటలు కలపవద్దు. ఉత్త గ్యాసే అయితే నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు. మేము ఎవరినీ "ఇంతదానికే వచ్చారా" అని కోప్పడము.

ప్రేమవిందు గుండిగ

ఇప్పుడు వంట దగ్గరకు వద్దాం. ఇది స్త్రీల సమాజం వాళ్ళు, వంట చూసుకునే యౌవనస్థులు తప్పక చదవాలి.

మూడు వందల మందికి భోజనమంటే 24 రాత్రే పొట్టేళ్ళు కోస్తారు. తెల్లవారుజామున మూడింటికల్లా కూర దించి, మూత పెట్టి, ఆరాధన ముగిసి పాస్టరుగారు ప్రార్థన చేశాక మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో వడ్డిస్తారు. నడుమ పది గంటలు. అందరూ అనుకునేది, "బాగా ఉడికింది కదా, ఇంకేం కాదు" అని. ఉడికినప్పుడు క్రిములు చస్తాయి, నిజమే. కాని కొన్ని క్రిములు విత్తనాల్లాంటి గట్టి రూపంలో మరుగుతున్న కూరలో కూడా బతికే ఉంటాయి. క్లాస్ట్రిడియం అనే క్రిమి అలాంటిది. పెద్ద గుండిగలో కూర పైన చల్లారినట్టు కనిపించినా నడిమధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే వాటికి కావలసింది. మొలకెత్తి లక్షల్లో పెరుగుతాయి. కూర వాసన మారదు, రుచి మారదు. తిన్న ఎనిమిది నుండి పదహారు గంటల్లో, అంటే ఆ రాత్రికో తెల్లవారికో, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. ఊళ్ళో సగంమందికి ఒకేసారి వస్తే దిష్టి తగిలిందంటారు. దిష్టి కాదు, గుండిగ.

అన్నంలో పెరిగే క్రిమి వేరు. అన్నం కుప్ప పోసి గుడ్డ కప్పి ఉంచితే అందులో విషం తయారవుతుంది. వంట చేసేవాళ్ళ చేతి పుండ్లలో, ముక్కులో ఉండే స్టెఫైలోకోకస్ అనే క్రిమి కూడా ఇలాగే విషం వదులుతుంది. ఈ రెండూ తిన్న ఒకటి నుండి ఆరు గంటల్లోనే వాంతులు తెస్తాయి. మళ్ళీ మరగకాచినా ఆ విషం పోదు. కాబట్టి చేతి మీద సెగ్గడ్డ గాని, కట్టు గాని ఉన్నవాళ్ళకు ఆరోజు వేరే పని అప్పగించండి. కుర్చీలు వేయడం కూడా సేవే.

ఏం చేయాలంటే, వంట మొదలుపెట్టే సమయం మార్చండి. ఉదయం ఆరు తరువాత పొయ్యి వెలిగిస్తే ఒంటిగంటకు వేడిగా వడ్డించవచ్చు. ముందే వండక తప్పకపోతే కింద సన్నని సెగ ఆరిపోకుండా ఉంచి, గరిటెతో అడుగు నుండి కలుపుతూ, వడ్డించేవరకు పొగలు కక్కేలా ఉంచండి. మిగిలిన కూరను గుండిగలోనే రాత్రంతా వదలకండి. వెడల్పాటి తట్టల్లో పల్చగా పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే ఆ సాయంత్రమే పంచేయండి. పచ్చి మాంసం కోసిన కత్తితో, పలకతో ఉల్లిగడ్డలు, కొత్తిమీర కోయవద్దు. మురుకులు, నిప్పట్లు కాల్చిన నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే దాన్ని దాచకండి. తరుగు తరుగుగా కాచిన నూనెలో హాని చేసే పదార్థాలు పెరుగుతాయి. వాటికి ప్రభుత్వం 2018 జూలై నుండి 25 శాతం అనే హద్దు పెట్టింది. మన దగ్గర కొలిచే యంత్రం లేదు, కన్నూ ముక్కూ ఉన్నాయి.

నీళ్ళ విషయం మన ఊరికి మరీ ముఖ్యం. విందుకు ట్యాంకరు నీళ్ళు తెప్పించి డ్రమ్ముల్లో నింపుతారు. ఒకే గ్లాసు వందమంది ముంచుతారు. పొడవాటి పిడి ఉన్న గరిటె గాని, కొళాయి ఉన్న డ్రమ్ము గాని పెట్టండి. ఇరవై లీటర్లకు ఒకటి చొప్పున అర గ్రాము క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగి వాడండి. మన బోరు నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు ఉందని మీకు తెలుసు. క్లోరిన్ వేసినా, మరగకాచినా ఫ్లోరైడు పోదు. కాబట్టి తాగడానికి పథకం నీళ్ళో, శుద్ధి చేసిన నీళ్ళో తెప్పించుకోండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు సమమైన టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. మాత్రలు మానవద్దని ఇంతసేపు చెప్పాను గదా, ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. విరేచనాలు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గిపోయినప్పుడు కొన్ని బి.పి. మాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీటి మాత్రలు, మెట్‌ఫార్మిన్ వంటి షుగరు మాత్రలు మూత్రపిండాలకు భారమవుతాయి. అప్పుడు ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో డాక్టరును అడగండి. మూత్రం తగ్గినా, పిల్లలు మగతగా ఉన్నా, రక్తం పడినా ఇంట్లో ఉంచుకోవద్దు.

విస్తరి గురించి కొంచెం

బెల్లంతో చేసిన ఓళిగకు షుగరు పెరగదని చాలామంది నమ్మకం. బెల్లం కూడా చక్కెరే, రంగు మారిందంతే. రాగి సంగటి కూడా అలాగే. రాగుల్లో సున్నం, పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ, మంచి ఆహారమే. కాని పిండి పదార్థం దాదాపు బియ్యంలో ఉన్నంత ఉంటుంది. రెండు ముద్దలు తిని "సంగటే కదా" అంటే లెక్క తప్పుతుంది. ముందు కూరగాయలు, మాంసం ముక్కలు తిని, తరువాత అన్నం కొంచెం పెట్టించుకోండి. తీపి తినాలని ఉంటే తినండి, ఒకటి. ఆ పూట అన్నం తగ్గించుకోండి. క్యారల్స్‌లో పది ఇళ్ళు తిరిగితే పది టీలు తాగుతాం. ఒక్కో టీలో రెండు చెంచాల చక్కెర అయితే ఇరవై చెంచాలు. కేకు ముక్కను తప్పించుకున్నవాళ్ళు కూడా ఇక్కడ దొరికిపోతారు. బి.పి. ఉన్నవాళ్ళకు ఊరగాయలు, నిప్పట్లలో ఉన్న ఉప్పే శత్రువు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక టీచెంచా.

పెట్టేవాళ్ళకు కూడా ఒక మాట. "మా ఇంట్లో తినకపోతే మా మీద ఒట్టే" అని షుగరు ఉన్న వదినకు బలవంతంగా నోట్లో పెట్టకండి. నాలుగు బుడ్డలు, ఒక జామకాయ ముక్క పెట్టినా మర్యాదే.

పిల్లల చేతులు టపాసులకు కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లని నీళ్ళ కింద పెట్టండి. పేస్టు, ఇంకు, దోసె పిండి పూయకండి. నక్షత్రాలకు కట్టే తీగలు తెగి ఉంటే మంచులో తడిసి షాక్ కొడతాయి. వాచ్‌నైట్ ముగిశాక నిద్రమత్తులో, ఒక బండి మీద ముగ్గురు ఎక్కి, బండల లారీలు తిరిగే రోడ్డు మీద పోవద్దు. దూరం ఊరివాళ్ళు ఆ రాత్రి ఇక్కడే పడుకొని తెల్లవారి వెళ్ళండి.

ఇక ఈ పుస్తకం చేతికి అందిన రోజే చేయవలసిన పని ఒకటుంది. మీ మాత్రల పట్టీలు బయటకు తీసి లెక్కపెట్టండి. జనవరి 16 వరకు సరిపోతాయా? చాలకపోతే 20వ తేదీలోపే తెచ్చుకోండి. బెంగళూరు నుండి వచ్చే పిల్లలకు ఫోన్ చేసి వాళ్ళ మాత్రలు, వాళ్ళ చీటీ వెంట తెచ్చుకోమనండి. మీ మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి సెల్‌ఫోన్ కవరులో పెట్టుకోండి. కోడలికో కొడుకుకో చూపించి ఉంచండి. రాత్రిపూట మా దగ్గరకు రావలసివస్తే, హడావుడిలో ఏమి మరిచిపోయినా ఆ పట్టీలు మాత్రం సంచిలో వేసుకొని రండి. ఖాళీ పట్టీలైనా సరే.